యాభై ఎనిమిదికి ఆలౌటైన కార్తీకం

ఆ ఏడు కార్తీక పున్నమికి కర్నూలు ఆడవాళ్ళం తుంగభద్రలో దీపాలు వదలలేదు. వదలొద్దని ఎవరూ దండోరా వేయలేదు. ఏటికి అవతల నిజాం రాజ్యం. మా దీపాల వెలుగులో ఇవతలి గట్టు మీద ఎంతమంది ఉన్నారో అవతల తుపాకులు పట్టుకున్నవాళ్ళకు తెలిసిపోతుందని ఒక మాట పుట్టింది. ఎవరు పుట్టించారో గానీ సాయంత్రానికి బజారంతా పాకింది. మా అత్త కన్యకమ్మ పెరట్లో ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి, అందులోనే ఒక దీపం వదిలింది.

"ఈ పొద్దుకు ఇదే మన ఏరు," అంది.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చి మూడు నెలలు దాటింది. మాకు వచ్చింది, ఏటి అవతలికి రాలేదు. అక్కడి పల్లెల్లో ఖాకీచొక్కాలు తొడుక్కున్న గుంపులు తిరుగుతున్నాయని, గింజలు ఎత్తుకుపోతున్నారని, దుకాణాలు కాలుస్తున్నారని రోజూ ఏరు దాటి వచ్చేవాళ్ళు చెప్పేవాళ్ళు. విన్నది విన్నట్టు మేం ఇంకొకరికి చెప్పలేకపోయేవాళ్ళం. ఎందుకంటే మా ఆయన అక్క నాగక్కను ఇచ్చింది అవతలి పల్లెలోనే. ఆమె భర్త కేశవయ్య అక్కడ కిరాణా దుకాణం పెట్టుకుని ఉన్నాడు. నాగక్క పేరు ఎత్తితే మా అత్త చేతిలో పని ఆగిపోయేది. అందుకని ఇంట్లో ఎవరమూ ఎత్తేవాళ్ళం కాదు.

ఆ పున్నమినాడు పొద్దునే ఆస్ట్రేలియాలో టెస్ట్ మ్యాచి మొదలైంది.

మా ఆయన రామకోటయ్యది పాతూరు బజారులో బట్టల దుకాణం, దాని వెనకే మా ఇల్లు. మనిషి భారీగా ఉంటాడు, గొంతు ఇంకా భారీ. కోట పక్క మైదానంలో పదేళ్ళు వికెట్ల వెనక కూర్చుని బంతులు పట్టినవాడు. ఆట కోసమే బ్యాటరీ రేడియో కొన్నాడు. అంతవరకు మన దేశం జట్టు ఒక్క టెస్టు కూడా గెలవలేదు. ఓడినప్పుడల్లా ఈయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినేవాడు కాదు. ఆటగాళ్ళను ఒక్కొక్కరినీ పేరు పెట్టి, వాళ్ళ తాతల దాకా తిట్టేవాడు. అయితే ఇంకొకరు తిడితే మాత్రం ఊరుకునేవాడు కాదు. అంతకు ముందటి ఏడు ఎండాకాలం ఇంగ్లండులో మనవాళ్ళు ఓడినప్పుడు పక్క పాత్రల దుకాణం శెట్టి నవ్వాడని గజంబద్ద విసిరాడు. ఆయన చెవి మీద గాటు పడింది. ఆ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, తరవాత నేను పడిన భయానికి అదే కారణం.

ఆయన తిట్లన్నీ ఓపిగ్గా వినే మనిషి ఒకడే. దస్తగిరి అన్న. మా దుకాణం అరుగు మీదనే ఆయన కుట్టుమిషను. మా దగ్గర గుడ్డ కొన్నవాళ్ళు అక్కడే కొలతలిచ్చి పోయేవాళ్ళు. మైదానంలో అంపైరు కూడా ఆయనే. సన్నటి మనిషి, సన్నటి గొంతు. మా ఆయన అరుస్తుంటే మిషను తొక్కుతూనే రెండు మాటలు చెప్పేవాడు.

"ఇన్నాళ్ళూ తెల్లోళ్ళ జెండా కింద ఆడినారు, ఓడినారు. పోనీ అనుకున్యాం," అన్నాడు మా ఆయన ఆ పొద్దున రేడియో చెవి తిప్పుతూ. "ఇప్పుడు మన జెండా కింద ఆడతాండారు. ఈసారి సూడు దస్తగిరీ."

"సూస్తానే ఉండా కోటయ్యా. మంచి బౌలర్లు దేశం రెండు ముక్కలై ఆ పక్కకు పాయిరి. బ్యాటు పట్టేటోళ్ళు కొందరు రాలేమని ఇంట్లో కూసుండిరి. ఉన్నోళ్ళు పోయినారు."

"ఉన్నోళ్ళే సాలు!"

చాలలేదు. ఆస్ట్రేలియా కెప్టెన్ ఒక్కడే నూట ఎనభై దాటించాడు. వాన పడింది. వాన వెలిశాక మనవాళ్ళు ఆడటానికి దిగారు. రేడియోలో గరగరల మధ్య ఇంగ్లీషు గొంతు ఒకటి ఏదో చెప్పి నవ్వింది. మా ఆయన కుర్చీలో నుంచి లేచి నిలబడ్డాడు.

"యాభై ఎనిమిది! యాభై ఎనిమిదప్పా దస్తగిరీ! పదకొండు మంది కలిసి!"

"వాన పడినాది గదా. తడినేల మీద బంతి యాడికి లేస్తాదో ఎవురికి తెలుసు?"

"లేస్తే? బంతేమన్నా పులా? నిలబడేదానికేం రోగం? పిరికి నాకొడుకులు! కాళ్ళు వణికి సచ్చినారు!"

గుడ్డ కొనడానికి వచ్చిన పల్లెవాళ్ళు బెదిరి, మూట సర్దుకుని మెట్లు దిగారు. ఆ మెట్లే ఎక్కి పుట్టి నడిపే చిన్న ఈరన్న వచ్చాడు. ఏరు ఇటూ అటూ దాటించడం అతని పని. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, అటూ ఇటూ చూసి, లోపలికి వచ్చి గోడకు ఆనుకున్నాడు.

"శెట్టీ, మీ బావ ఒక మాట సెప్పి రమ్మన్యాడు."

మా ఆయన రేడియో తగ్గించాడు.

"వాళ్ళ పక్క దుకాణం కాల్చినారు. నాగక్కను పిల్చకపొమ్మన్యాడు. సావుకార్లు ఎవురూ ఊరిడిసి పోగూడదని గట్టు మీద కాపలా పెట్టినారు శెట్టీ. పుట్టింటోళ్ళు వచ్చి అడిగితే ఆడమనిషిని ఇడిస్తే ఇడుస్తారు. లేకుంటే లేదు. బిరీన రావల్లంట."

లోపలి గడప దగ్గర నేనూ అత్తా నిలబడి ఉన్నాం. మా ఆయన ఈరన్న వైపు చూశాడు గానీ మావైపు చూడలేదు.

"సరే. సూస్తాం," అన్నాడు.

మరునాడు చూడలేదు. ఆ మరునాడూ చూడలేదు. ఢిల్లీలో నిజాంతో ఒప్పందం రాసుకున్నారంట, ఇంక భయం లేదంట అన్నాడు. ఏట్లో నీళ్ళు ఇంకా దిగలేదన్నాడు. దుకాణం ఎవరికి అప్పజెప్పి పోవాలన్నాడు. చెప్పిన ప్రతి మాటా నిజమే. మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటే ముద్ద నోటికి పోవడానికి చాలాసేపు పట్టేది. ఒకసారి వీధిలో ఎవరో తలుపు గట్టిగా వేస్తే చేతిలో చెంబు కింద పడింది. నేను నీళ్ళు తుడిచాను. ఆయన అంతగా భయపడతాడని అప్పటిదాకా నాకు తెలియదు. నాకు తెలిసినట్టు ఆయనకు తెలియకూడదని కూడా భయపడ్డాను.

భయం ఎక్కువైన కొద్దీ రేడియో గట్టిగా పెట్టేవాడు. రెండో ఇన్నింగ్సు నడుస్తోంది. ఆ పొద్దున వరసగా వికెట్లు పడ్డాయి. తొంభై ఎనిమిదికి మళ్ళీ అందరూ అవుట్.

"నిలబడలేరా!" అని అరిచాడు. బల్ల మీద గుద్దాడు. "ఒక్కడు! పదకొండు మందిలో ఒక్కడు నిలబడలేడా! ఆడోళ్ళు నయం! సిగ్గు లేదు, శరం లేదు, బంతి వస్తాంటే ఎనక్కి ఎనక్కి పోయేదే!"

మా అత్త గడప దగ్గర కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"వాళ్ళు అంత దూరం పోయినారు గదా నాయనా," అంది. "పోయి బంతి ముందర నిలబడినారు గదా."

గింజ తీసి పళ్ళెంలో వేసింది.

మిషను ఆగిపోయింది. మా ఆయన రేడియో చెవి తిప్పి ఆపేశాడు. పైగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు.

"రేపు పొద్దున పోయొస్తా," అన్నాడు. గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే, అరుగు మీద దస్తగిరి అన్న "ఏమంటివి?" అని అడిగాడు.

"అక్క కోసరం పోతాండా."

"ఒక్కనివే పోతావా? నీకు ఉర్దూ యాడ వచ్చు? వచ్చిన రెండు మాటలూ బట్టల బేరానివే. నేనొస్తా పద."

"ఆడమనిషి లేకుండా ఇద్దరు మగోళ్ళు పోతే అనుమానపడతారు," అన్నాను నేను. ఆ మాట నా నోట్లో నుంచి ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. అన్నాక వెనక్కి తీసుకోవాలనిపించింది. ఎవరూ వద్దనలేదు.

"ఏమని అడుగుతారు?" అంది అత్త.

మళ్ళీ తనే అంది.

"నేను పోతాండానని చెప్పండి. కొన ఊపిరితో ఉండానని చెప్పండి. అమ్మను కడసారి చూసుకునేదానికి బిడ్డను పంపలేదనిపించుకోరు, వాళ్ళకు మాత్రం తల్లులు లేరా?"

"అట్లాంటి మాట ఎట్ల చెప్పేది అమ్మా!" అన్నాడు మా ఆయన.

"చెప్తే సచ్చిపోనులే," అంది.

మరునాడు సూర్యుడు పైకి వచ్చాక బయలుదేరాం. ఒంటి మీద బంగారం తీసి అత్తకిచ్చి, మెడలో పసుపుతాడు మాత్రం ఉంచుకున్నాను. తోలు కప్పిన ఆ గుండ్రటి పుట్టిలో నలుగురం మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాం. ప్రవాహం మధ్యకు వచ్చాక పుట్టి గిర్రున తిరిగింది. ఒకసారి కర్నూలు కనబడింది, ఒకసారి అవతలి గట్టు కనబడింది. గట్టు మీద చీమల్లా ఉన్న మనుషులు ప్రతి తిరుగుడుకూ పెద్దవాళ్ళయ్యారు. మా ఆయన పుట్టి అంచు పట్టుకున్న వేళ్ళు తెల్లబడి ఉన్నాయి.

"అమ్మా, దిగినాక ఎనక్కి సూడగాకండి," అన్నాడు ఈరన్న తెడ్డు వేస్తూ. "ఎనక్కి సూస్తే పారిపోయేటోళ్ళనుకుంటారు. మీరొచ్చేదాకా నేను ఈడనే ఉంటా."

గట్టెక్కితే నిజాం సర్కారు సుంకం వసూలు చేసే నాకా ఉంది. దారికి అడ్డంగా వెదురు బొంగు. సుంకం గుమాస్తా ఎక్కడా కనబడలేదు. ఖాకీచొక్కాలవాళ్ళు ఆరేడుగురు ఉన్నారు. ఇద్దరి దగ్గర తుపాకులు, మిగిలినవాళ్ళ దగ్గర బరిసెలు. వాళ్ళ పెద్ద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇరవై అయిదేళ్ళు ఉంటాయేమో. నోరు తాంబూలంతో ఎర్రగా ఉంది. దస్తగిరి అన్న సలాం చేసి ఉర్దూలో చెప్పాడు. తాను కర్నూలు దర్జీనని, వీళ్ళు తన అరుగు యజమానులని, ముసలమ్మ కొన ఊపిరితో ఉందని చెప్పాడట. అతను విన్నాడు. మా ఆయనను కిందినుంచి పైదాకా చూశాడు.

"ఏం సావుకారీ. ఇంట్లో రేడియో ఉందా?" తెలుగులోనే అడిగాడు.

రేడియోలో ఏం విన్నావు, ఎవరికి చెప్పావు అని అడుగుతాడనుకున్నాను. అట్లా అడిగి తీసుకుపోయినవాళ్ళ కథలు ఎన్నో విన్నాం. మా ఆయన ఉందన్నాడు.

"అయితే చెప్పు. యాభై ఎనిమిది దాకా నాకు తెలుసు. ఈడ బ్యాటరీ అయిపోయింది. రెండో ఇన్నింగ్స్ ఎంత?"

మా ఆయన నోరు తెరిచాడు. గొంతు సవరించుకున్నాడు.

"తొంభై ఎనిమిది."

అతను కుర్చీ వెనక్కి వాల్చి పకపకా నవ్వాడు. తనవాళ్ళకు ఉర్దూలో చెప్పాడు. అందరూ నవ్వారు. ఒకడు బరిసెను బ్యాటులా పట్టుకుని, బంతి తగిలి కూలబడినట్టు అభినయించాడు. ఇంకా నవ్వారు.

"యాభై ఎనిమిది! తొంభై ఎనిమిది!" అన్నాడు వాళ్ళ పెద్ద, కళ్ళు తుడుచుకుంటూ. "రాజ్యం కావాలంట రాజ్యం! బ్యాటు పట్టుకునేది చాతకాదు గానీ! ఏం సావుకారీ, అంతేనా కాదా?"

నేను మా ఆయన మెడ వైపు చూశాను. నరం ఉబ్బింది. కుడిచెయ్యి పైగుడ్డను పిడికిట్లో పట్టుకుంది. పాత్రల శెట్టి చెవి మీది గాటు నా కళ్ళ ముందు కనబడింది. ఆ చెయ్యి లేస్తే మేం ముగ్గురం అక్కడే పోతాం. నాగక్క ఎదురుచూస్తూనే ఉంటుంది. దేవుడా, ఈ ఒక్కసారి ఈయనను పిరికివాణ్ణి చెయ్యి అని మొక్కుకున్నాను.

"అంతే," అన్నాడు మా ఆయన.

"నవ్వు మరి. మేమందరం నవ్వుతున్నాం కదా."

మా ఆయన నవ్వాడు. ఆ తరవాత ముప్పై ఏళ్ళు కాపురం చేశాను, అట్లాంటి చప్పుడు మళ్ళీ వినలేదు. దస్తగిరి అన్న తల వంచుకున్నాడు. వెదురు బొంగు పైకి లేచింది.

నాగక్క ఊరు అక్కడికి మైలు దూరం. సగం కాలిన దుకాణం పక్కనే వాళ్ళ దుకాణం తెరిచి ఉంది. అరుగు మీద ఇద్దరు ఖాకీచొక్కాలు కూర్చుని బెల్లం తింటున్నారు. వాళ్ళ ఎదురుగానే చెప్పాల్సి వచ్చింది. "అక్కా, అమ్మకు బాగలేదు. కడసారి చూసుకుందువు పా," అన్నాడు మా ఆయన. నాగక్క నమ్మింది. ఆమెకు సైగ చేద్దామంటే నాకు వీలు దొరకలేదు. ఒక్క కేక వేసి గడపలోనే కూలబడింది. కేశవయ్య బావకు అర్థమైంది. ఆయన ముఖంలో ఒక్క గీత కూడా కదలలేదు. "పోయిరా. నేను దుకాణం చూసుకోవల్ల," అన్నాడు. ఆయన కూడా వస్తే సావుకారు పారిపోయాడని అంటారు. ఇల్లు ఉండదు. దారిలో పట్టుకుంటే మనిషీ ఉండడు. నాగక్క కట్టుచీరతో లేచి మా వెంట నడిచింది. మొగుణ్ణి వెనక్కి తిరిగి చూడలేదు. అమ్మ పోతోందన్న దుఃఖంలో ఆ ఊహే లేదు ఆమెకు. బావ మాత్రం మేం మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి ఉన్నాడు.

మైలు పొడుగునా ఏడుస్తూనే వచ్చింది. "ఏం తినిందిరా కోటీ? నన్ను అడిగిందా? మాట ఉందా?" అని. మా ఆయన దేనికీ జవాబు చెప్పలేదు. దారి పొడుగునా మనుషులు చూస్తున్నారు. నిజం చెబితే ఏడుపు ఆగుతుంది. ఏడుపు ఆగితే ముఖం మారుతుంది. నాకా దగ్గర ఆ ముఖమే మాకున్న చీటీ. నేను ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, నిజం చెప్పకుండా నడిపించుకుని వచ్చాను.

నాకా దగ్గర ఆ ఎర్రనోటివాడు నాగక్క ముఖం చూసి కుర్చీలోంచి లేచాడు. ఏమనుకున్నాడో, "జావ్ అమ్మా, జావ్," అని తనే బొంగు ఎత్తాడు. ముగ్గురం దాటాం. దస్తగిరి అన్న దాటబోతుంటే బొంగు దిగింది.

"దర్జీ ఉండాలి. చొక్కాలకు గుడ్డ వచ్చి పడుంది. కుట్టేవాడు లేడు."

మా ఆయన వెనక్కి తిరిగాడు. దస్తగిరి అన్న అప్పటికే "అట్లనే భాయ్, కుట్టి ఇస్తా," అంటున్నాడు, బేరానికి ఒప్పుకున్నంత మామూలుగా. మావైపు చూసి, "మిషను మీద గుడ్డ కప్పు కోటయ్యా. దుమ్ము పడతాది," అన్నాడు.

మా ఆయన అడుగు ముందుకు వేశాడు. దస్తగిరి అన్న కళ్ళతోనే వద్దన్నాడు. నాగక్క ఏడుస్తోంది. ఈరన్న కింద నుంచి "దిగండి, దిగండి" అంటున్నాడు. దిగాం.

ఏటి మధ్యకు వచ్చాక చెప్పాం. నాగక్కకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక తమ్ముణ్ణి చెంప మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. పుట్టి ఊగింది. "ఆయప్పను ఆడ ఇడిసిపెట్టి నన్ను యాల పిల్చకొచ్చినార్రా!" అని అప్పుడు ఏడ్చింది మొగుడి కోసం. మా ఆయన ఆ దెబ్బలు తింటూ అవతలి గట్టు వైపే చూస్తున్నాడు. ఎండలో వెదురు బొంగు సన్నటి గీతలా కనబడింది. దాని పక్కన ఎవరూ లేరు.

కూతుర్ని చూసి మా అత్త ఏడవలేదు. దస్తగిరి ఏడీ అని అడిగింది. చెప్పాక అక్కడే అరుగు మీద మిషను పక్కన కూర్చుండిపోయింది.

మా ఆయన స్వయంగా పోయి దస్తగిరి అన్న భార్య బీబమ్మకు చెప్పాడు. ఆమె ఆ మరునాటి నుంచి పొద్దునే వచ్చి మిషను దగ్గర కూర్చునేది. గుడ్డ తీసి, తుడిచి, మళ్ళీ కప్పేది. ఆమెకు ఎదురుపడలేక మా ఆయన వెనక తలుపు నుంచి దుకాణంలోకి పోయేవాడు. రేడియో ముట్టుకోలేదు. రెండో టెస్టు మొదలవుతుందని ఎవరో అంటే లేచి లోపలికి పోయాడు. రోజూ ఏటి గట్టుకు పోయి ఈరన్నను అడిగి వచ్చేవాడు. "కుట్టతాండాడంట శెట్టీ. బతికే ఉండాడంట," అనేవాడు ఈరన్న.

వారం తిరక్కుండానే ఒక పొద్దున ఈరన్న పుట్టిలోనే వచ్చాడు దస్తగిరి అన్న. ఎంత చిక్కిపోయాడంటే గట్టెక్కడానికి ఈరన్న చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. వేళ్ళు వాచిపోయి, సూది గుచ్చుకున్న చోటల్లా నల్లబడి ఉన్నాయి. గుడ్డ అయిపోయింది, వదిలేశారు. అంతే. బీబమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. మా ఆయన అరుగు స్తంభం పట్టుకుని నిలబడ్డాడు.

ఆ భయం పోయిందనుకున్నాం. మధ్యాహ్నానికి ఇంకొకటి వచ్చింది.

పది పన్నెండు మంది దుకాణం ముందు చేరారు. కొందరు ఏరు దాటి వచ్చి సత్రంలో తలదాచుకున్నవాళ్ళు. ఇళ్ళు పోయినవాళ్ళు. మిగిలినవాళ్ళు మా బజారువాళ్ళే. పెళ్ళిళ్ళకు మా దగ్గర బట్టలు తీసినవాళ్ళు, దస్తగిరి అన్న కుట్టిన చొక్కాలు తొడుక్కున్నవాళ్ళు.

"శెట్టీ, ఆ మిషను బయటికియ్యి."

"ఎందుకు?"

"మా కొంపలు కాల్చినోళ్ళకు గుడ్డలు కుట్టి వచ్చినాడు. ఇంక ఈ ఊర్లో మిషను తొక్కేది లేదు."

నేను గడప లోపల ఉన్నాను. ఏటి అవతల నేను చూసిన ముఖాలు తెలియని ముఖాలు. ఇక్కడ ఒక్కొక్కరి పేరూ తెలుసు. నాకు ఇక్కడే ఎక్కువ భయమేసింది.

మా ఆయన అరుగు మీదికి వచ్చాడు. కేకలు వేస్తాడనుకున్నాను. వేయలేదు. దస్తగిరి అన్న కూర్చునే ముక్కాలిపీటను తను జరుపుకుని, మిషను ముందు కూర్చున్నాడు. రెండు చేతులూ దాని మీద పెట్టాడు.

"మా అక్కను ఇడిపించినందుకు ఆయప్పను పట్టుకున్యారు," అన్నాడు. "కుట్టకుంటే ఏం చేస్తారో మీకు తెలుసు. నేను ఆడ నవ్వి వచ్చినా. వాళ్ళు నవ్వమంటే నవ్వినా. ముందు నన్ను అడగండి దానికి."

ఎవరికీ అర్థం కాలేదు. నవ్వడమేమిటని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడు నాగక్క లోపలి నుంచి వచ్చి తమ్ముడి పక్కన నిలబడింది. మొగుడు బతికి ఉన్నాడో లేదో తెలియని మనిషి. సత్రంవాళ్ళలో ఒక ముసలాయన ఆమెను గుర్తుపట్టినట్టున్నాడు. ఆయనే ముందు వెనక్కి తిరిగాడు. మిగిలినవాళ్ళు కాసేపు నిలబడి, "ఎన్ని దినాలు కాపలా కాస్తావో సూస్తాం శెట్టీ," అని పోయారు.

ఆ మాట దస్తగిరి అన్న చెవిన పడింది. మరునాడు బండి తోలుకుని వచ్చాడు.

"ఆదోనిలో మా బావమరిది ఉండాడు. ఆడికి పోతాండా," అన్నాడు.

"యాల? నేనుండా గదా," అన్నాడు మా ఆయన.

"ఉండావు. నిన్న ఉంటివి. రేపూ ఉంటావు. దినామూ నువ్వు అడ్డం కూసుంటే నేను కుట్టేదెప్పుడప్పా, నువ్వు గుడ్డ అమ్మేదెప్పుడు?"

మిషనును మా ఆయనే ఎత్తి బండిలో పెట్టాడు. కింద గడ్డి పరిచి, అది కదలకుండా తాడు కట్టాడు. ముడి సరిగా పడలేదని విప్పి మళ్ళీ కట్టాడు. మా అత్త బీబమ్మ కొంగులో బొరుగులు, బెల్లం పోసింది. బండి వీధి చివర మలుపు తిరిగేదాకా ఎవరం లోపలికి పోలేదు.

తరవాత వారం రోజులు మా ఇంట్లో ఎవరో జబ్బుపడి నిద్రపోతున్నట్టు చప్పుడు కాకుండా నడిచాం. నాగక్క ఏటి వైపు కిటికీ తీయనిచ్చేది కాదు. కేశవయ్య బావ మరుసటి ఏడు, పోలీసు చర్య అయ్యాక గానీ రాలేదు. అప్పటిదాకా ఆమె కుంకుమ పెట్టుకునే ప్రతి పొద్దూ మాకు భయమే.

ఒక మధ్యాహ్నం పాత్రల దుకాణం శెట్టి మెట్లెక్కి వచ్చాడు. చెవి మీద గాటు మానింది గానీ మచ్చ ఉంది. మా ఆయనతో మాట్లాడి ఏడాదికి పైనే అయింది.

"కోటయ్యా, రేడియో పెట్టలేదా? సిడ్నీలో మనోళ్ళు ఆస్ట్రేలియాను నూట ఏడుకు పడగొట్టినారంట."

మా ఆయన నమ్మలేదు. రేడియో పెట్టాడు. బ్యాటరీ నీరసించి ఉంది, చెవి ఆనించి విన్నాడు. నిజమే. మనవాళ్ళు నూట ఎనభై ఎనిమిది కొట్టారు, వాళ్ళు నూట ఏడు. ముందున్నాం. కానీ మళ్ళీ వాన పట్టుకుందట. ఆట సాగలేదు. గెలుపూ లేదు, ఓటమీ లేదు. ఇంకెప్పుడైనా అయితే వానను, ఆకాశాన్ని, ఆస్ట్రేలియాను కలిపి తిట్టేవాడు. రేడియో ఆపి, వీధి వైపు తిరిగి నోరు తెరిచాడు. అరుగు ఖాళీగా ఉంది. నోరు మూసుకున్నాడు.

మరునాడు పొద్దునే దుకాణం తాళం నా చేతిలో పెట్టి, రైలుకు పోయాడు. ఎక్కడికని నేను అడగలేదు.

మూడో రోజు వచ్చాడు. నాగక్క కాళ్ళకు నీళ్ళు తెచ్చి ఇచ్చింది. అత్త అడిగింది, "ఏమన్యాడు దస్తగిరి?"

"నూట ఏడంటే నమ్మలేదమ్మా. మూడుతూర్లు చెప్పించుకున్యాడు."

"వస్తాడంటనా?"

మా ఆయన కాళ్ళు కడుక్కున్నాడు. చెంబు బోర్లించి పెట్టాడు.

"రాడు. ఆడ బేరం బాగుండాదంట," అన్నాడు. "తలకాయ ఎత్తకుండా చెప్పినాడు."

నేను అన్నం వడ్డించాను. ఆ పూట కూడా ఆయనకు ముద్ద నోటికి పోవడానికి చాలాసేపు పట్టింది.